ఈశాన్యంలో ఎర్ర డబ్బా

పోయిన వారం ఉమారాణిని కరుణాకర్ సార్ గది తలుపు ముందు నిలబెట్టి మనం మన పనుల్లో పడిపోయాం. పాపం, వారమంతా అక్కడే నిలబడి ఉంది. ఆమెను లోపలికి పంపే ముందు, ఈ సంచికతోనే మనతో కలిసినవాళ్ల కోసం నాలుగు మాటలు. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

కరుణాకర్ సార్‌కు మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి ఊళ్లలో ట్యుటోరియల్స్ ఉన్నాయి. ప్రతి ఊళ్లోనూ నిలువెత్తు ఫోటోతో బోర్డు ఉంది. ఒకప్పుడు ఆయన లెక్కలు చెబుతుంటే కిటికీల బయట నిలబడి కూడా వినేవాళ్లు. ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెప్పడం మానేసి తల్లిదండ్రులకు ధైర్యం చెబుతున్నాడు. ఆయన దగ్గర ఆన్‌లైన్ క్లాసుల సైటు చూసుకునే పిల్ల ఉమారాణి. ఏ పాఠం ఎక్కడ పెట్టాలి, పేజీ ఏ రంగులో ఉండాలి, ఏ బటన్ ఏ మూల కూర్చోవాలి, అంతా ఆమె చేతి మీదే నడుస్తుంది.

ఇంటర్‌లో లెక్కలు తప్పిన ఆడపిల్లలు మిరప ఏరే రోజుల్లో టౌనుకు రాలేరని, చేను దగ్గరే ఫోన్‌లో పాఠం వినేలా ఒక బ్యాచ్ పెడదామని సార్‌ను ఒప్పించింది ఉమారాణే. తండాలు తిరిగి పిల్లల్ని చేర్పించిందీ ఆమే. గార్ల దగ్గరి తండాలో మోతీబాయి తన కూతురు గోరీని హైదరాబాద్‌లో బిస్కెట్ ప్యాకింగ్ పనికి పంపుదామని బట్టలు కూడా సర్దేసింది. "పరీక్ష దాకా ఆగు అక్కా, పిల్లను పాస్ చేయించే పూచీ నాది" అని ఉమారాణి మాటిచ్చి ఆపింది.

ఆ తర్వాత సార్ ఆమెను కొత్త బ్రాంచి పని మీద భూపాలపల్లి పంపాడు. ఆమె అక్కడ ఉన్న వారంలోనే ఆడపిల్లల క్లాసులు మొదలయ్యాయి. ఒక్క పిల్ల కూడా రాలేదు. "తండా పిల్లలకు సదువు మీద ధ్యాస లేదు, బ్యాచ్ ఎత్తేస్తున్న" అని సార్ ఫోన్ చేస్తే, పొద్దున బస్సుకే పరుగెత్తుకొచ్చింది. వచ్చి, రిసెప్షన్ సుమ ఫోన్ తీసుకుని సైటు తెరిచి చూసింది. చూడగానే ముఖం మాడిపోయింది. ఏం చూసిందో నేను చెప్పకుండా దాచాను. అందుకు మీరు రాసిన ఉత్తరాల్లో కొన్ని బాగున్నాయి, కొన్ని ఇంట్లో నలుగురి ముందు చదవలేనివి. ఇవాళ చెప్పేస్తాను.

ఉమారాణి తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లింది.

లోపల కరుణాకర్ సార్ ఒక్కడే లేడు. ఎదురు కుర్చీలో జనగామ కైలాసం ఉన్నాడు. ఆ మూడు ఊళ్లలో ఎవరు గోడ లేపినా ముందు వాస్తు చూడటానికి ఆయన రావాల్సిందే. భూపాలపల్లి బిల్డింగు ప్లాను చూసి, ఆ సంగతి చెప్పడానికి ఈ మహబూబాబాద్ ఆఫీసుకు వచ్చి చాయ్ కోసం ఆగాడు. మధ్యలో మిరపకాయ బజ్జీల ప్లేటు.

"ఉమా, కైలాసమన్నతోటి మాట్లాడుతున్న. జరసేపైనంక రా" అన్నాడు సార్.

"ఇప్పుడే మాట్లాడాలె సార్."

ఉమారాణి గొంతు ఎప్పుడూ అలా ఉండదు. కైలాసం బజ్జీ కొరకబోయి ఆగాడు.

"బ్యాచ్ సంగతేనా? అయిపోయింది. సాయంత్రం నోటీసు పెట్టు. రాని పిల్లల కోసం నేను డౌట్లు చెప్పే సార్లకు జీతాలిచ్చుకుంట కూసోవాల్నా?"

"నోటీసు పెడ్త సార్. ముందుగాల ఒక్కసారి ఈ ఫోన్ పట్టుకొని మీరు క్లాసులకు పోండ్రి."

"నేనెందుకు పోవాలె? నాకు లెక్కలు రావా?"

"లెక్కలొస్తయ్. తొవ్వ దొర్కుతదో లేదో సూద్దాం."

కైలాసం ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకు పౌరుషం వచ్చి కరుణాకర్ సార్ ఆమె చేతిలోని ఫోన్ లాక్కున్నాడు. సుమది మామూలు ఫోన్, అద్దం మీద పగులు కూడా ఉంది. పిల్లల ఫోన్లు దానికంటే గొప్పవేం కావు. సైటు తెరుచుకుంటూ చక్రం తిరిగింది, తిరిగింది, చివరికి ముదురు నీలం తెర మీద దండ వేసుకున్న కరుణాకర్ సార్ కనిపించాడు. ఆయన పక్కకు జరిగితే శాలువా కప్పుకున్న కరుణాకర్ సార్. శాలువా తర్వాత బహుమతి ఇస్తున్న కరుణాకర్ సార్.

"బాగనే ఉన్నది గదా" అన్నాడు అసలు సార్.

"కిందికి పోండ్రి సార్."

పోయాడు. ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు వచ్చాయి. తర్వాత నీలం మీద బంగారు అక్షరాల్లో డైరెక్టర్ గారి సందేశం. వేలు నొప్పి పుట్టేదాకా నెట్టాడు.

"ఇంకెంతున్నది ఇది?"

"మీ సందేశమే సార్. సగమైంది."

సందేశం అయ్యాక బ్రాంచీల అడ్రసులు, ఒక్కో అడ్రసు కింద ఒక్కో మ్యాపు. అన్నీ దాటాక, అట్టడుగున ఎడమ పక్కన, ఎర్రగా ఒక అంచు కనిపించింది. అదే లాగిన్ బటన్. దాని మీద అడ్డంగా పచ్చ పట్టీ ఒకటి అతుక్కుని ఉంది. 'మాకు కాల్ చేయండి' అని సార్ ముచ్చటపడి పెట్టించుకున్న పట్టీ అది. పేజీ ఎంత జరిపినా అది మాత్రం జరగదు.

సార్ ఎర్ర అంచు మీద నొక్కాననుకుని పట్టీ మీద నొక్కాడు. తెర మారి నంబరు వచ్చింది, కింద పచ్చటి గుండ్రం వచ్చింది. లోపలికి పోయే మార్గం ఇదే కాబోలనుకుని దాన్నీ నొక్కాడు. ఆ సంతోషంలో "ఆఁ, పోయిన!" అని కూడా అన్నాడు.

బయట రిసెప్షన్‌లో ఫోన్ మోగింది. రెండు రింగులకు ఆగిపోయింది.

సార్ మళ్లీ నొక్కాడు. బయట మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది. మూడోసారికి తలుపు తెరుచుకుని సుమ తల లోపల పెట్టింది. ముఖంలో భయం.

"సార్, గిదేందో సూడుండ్రి. నా నంబర్ నుంచి నాకే ఫోనొస్తున్నది!"

ఉమారాణి సార్ చేతిలోని ఫోన్ తీసుకుని సుమకు చూపించింది.

"సుమా, వారం నుంచి ఇసొంటి ఫోన్లు ఎన్నొచ్చినయి?" అని అడిగింది ఉమారాణి.

"అయ్యో, ఒకటా రెండా మేడం? ఎత్తితె మాట్లాడరు. ఊకనే ఇనుకుంట ఉంటరు. టైంపాస్ గాళ్లు, కట్ చెయ్యి అన్నడు సార్. కట్ చేస్తున్న."

ఉమారాణికి పొద్దున సుమ ఫోన్‌లో చూసినప్పుడు బటన్ దాక్కుందని మాత్రమే అర్థమైంది. ఇది ఇప్పుడే తెలిసింది. చేను గట్టు మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, ఇంకాసేపట్లో పాఠం మొదలవుతుందని ఊపిరి బిగబట్టి వింటున్న పిల్లలు ఆమె కళ్ల ముందు కదిలారు.

"సార్, వాళ్లు రాకపోవుడు కాదు. వారం నుంచి మన తలుపు కొడుతున్నరు. మనమే కట్ చేస్తున్నం."

ఇరుక్కుపోయినప్పుడు మనుషులు ఏం చేస్తారో కరుణాకర్ సార్ కూడా అదే చేశాడు. పక్కవాడి మీదికి తోశాడు.

"నేనేం జేసిన? బటన్ పైనే ఉండె, కుడి పక్కకు. కైలాసమన్నే తీసెయ్యమన్నడు."

"నేనా?" కైలాసం బజ్జీ ప్లేటులో పెట్టేశాడు. "నేనెప్పుడు జెప్పిన?"

"అడ్మిషన్లు పడిపోతున్నయి, సైటుకు గూడ వాస్తు సూడమంటే, ఈశాన్యంల ఏమున్నది అని అడగలే నువ్వు?"

"అడిగిన. ఎర్ర డబ్బా ఒకటున్నది అన్నవ్. డబ్బా అంటే బరువు. ఈశాన్యం ఖాళీగ ఉండాలె, బరువు నైరుతిల ఉండాలె. ఎవ్వలన్న అదే జెప్తరు."

ఉమారాణి ఆయన వైపు తిరిగింది.

"అది డబ్బా కాదు సారు. దాన్నుంచే పిల్లలు లోపటికి రావాలె. అది తలుపు."

కైలాసం కుర్చీలో నిటారుగా అయ్యాడు. "తలుపా? ఇంటికి తలుపసొంటిదా?"

"ఉన్నదే అదొక్కటి. నైరుతిల సింహద్వారం పెట్టిచ్చిండ్రు మీరు."

"రామ రామ! నైరుతిల తలుపు నేను పగోనిక్కూడ చెప్ప. కరుణాకరూ, తలుపును పట్టుకొని డబ్బా అంటవా? ఈ ముచ్చట జనగామల తెలిస్తే నన్ను ఎవ్వడన్న పిలుస్తడా? తీయిర్రి, ముందుగాల అది తీయిర్రి!"

నవ్వు వచ్చే మాటే. కానీ ఉమారాణికి నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ తలుపును మోసుకెళ్లి నైరుతిలో పెట్టింది ఆమె చేతులే. సార్ చెప్పిన రోజు, భూపాలపల్లి బస్సు అందుకోవాలన్న తొందరలో, సైటు రూపం మార్చే పేజీ తెరిచి బటన్‌ను పై మూల నుంచి కింది మూలకు లాగి వదిలింది. ఆఫీసు పెద్ద కంప్యూటర్ మీద చూస్తే బ్రహ్మాండంగా కనిపించింది. ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో చూపించే చిన్న గుర్తు పక్కనే ఉంది, నొక్కలేదు. ఆమె ఫోన్‌లో సైటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి మొదటి పేజీ ముఖం చూసే అవసరమే రాలేదు.

"తప్పు నాది గూడ ఉన్నది సార్. ఫోన్ల సూడకుంట పబ్లిష్ చేసిన. ఇప్పుడు సరి చేస్త" అంది.

"చెయ్యి. బటన్ పైకి పెట్టు, అయిపాయె."

"బటన్ ఒక్కటే కాదు. ఫోన్ల మీ ఫోటోలన్ని తీసేస్త. సందేశం తీస్త, మ్యాపులు తీస్త, పచ్చ పట్టీ తీస్త. నీలం రంగు, బంగారం అక్షరాలు గూడ తీస్త. మిరపచేన్ల ఎండకు అవి కండ్లకు ఆనవు. తెల్ల తెర, నల్ల అక్షరం. పేజీ తెరవంగనే తలుపు, తలుపు తెరవంగనే పాఠం."

"నా ఫోటో గూడనా?" సార్ గొంతులో నిజంగా బాధ ఉంది. "ఫోటో లేకుంటె అది ఎవ్వల ట్యుటోరియలో ఎట్ల తెలుస్తది?"

"లోపట ఉన్నయి మీరు పాతకాలం చెప్పిన పాఠాలే సార్. అప్పట్ల రికార్డు చేసినయి. నేను గూడ అవి ఇనే లెక్కలు నేర్చుకున్న. ఒక్క పాఠం ఇన్న పిల్ల మీ ముఖం మర్చిపోదు. కాని పాఠం దాకా రానియ్యాలె గదా."

ఆ మాట సూటిగా వెళ్లి తగలాల్సిన చోట తగిలింది. కరుణాకర్ సార్ కాసేపు కిటికీ వైపు చూశాడు. ఒకప్పుడు ఆ కిటికీల బయట నిలబడినవాళ్లు గుర్తొచ్చి ఉంటారని నేననుకుంటున్నాను.

"సాయంత్రం దాకా ఆగుత" అన్నాడు చివరికి. "అప్పటికి పిల్లలు రాకపోతే బ్యాచ్ బందు. అప్పుడు నన్ననొద్దు."

ఉమారాణి అక్కడే, ఆయన కంప్యూటర్ ముందే కూర్చుంది. మనసు మారేలోగా పని అయిపోవాలని ఆమె పంతం. సైటు రూపం పేజీ తెరిచింది. థీమ్ మార్చింది. బ్యానర్లు ఒక్కొక్కటీ ఆపేస్తుంటే వెనకాల సార్ చిన్నగా మూలుగుతున్నాడు, ఎవరో ఆయన మీసం గొరుగుతున్నట్టు. అక్షరాలు పెద్దవి చేసింది. లాగిన్ బటన్‌ను పైకి తెచ్చింది. కైలాసం లేచి వచ్చి, తెర మీద వేలు పెట్టి "ఇంకొంచెం ఉత్తరం దిక్కు జరుపు బిడ్డా" అంటే, అదీ జరిపింది. ఈసారి ఫోన్ గుర్తు నొక్కి చూసింది. అది చాలదన్నట్టు సుమ ఫోన్‌లో, సార్ ఫోన్‌లో, కైలాసం ఫోన్‌లో కూడా తెరిచి చూసింది. అప్పుడు పబ్లిష్ నొక్కింది.

పిల్లలందరికీ మెసేజ్ వెళ్లింది. సుమ బయట కూర్చుని, వారం నుంచి కట్ చేసిన నంబర్లకే వరసగా ఫోన్లు చేసి బతిమాలడం మొదలుపెట్టింది.

తెర మీద పిల్లల పేర్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి. లోపలికి వచ్చిన పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. కాసేపు ఏమీ వెలగలేదు. సార్ గొంతు సవరించుకున్నాడు. ఉమారాణి తెర మీంచి కళ్లు తిప్పలేదు.

ఒక చుక్క వెలిగింది. ఘనపూర్ పిల్ల, తిరుమల. దాని వెనకే ఇంకొకటి. తర్వాత రెండు కలిసి వెలిగాయి.

"వస్తున్నరు!" అని మొదట అరిచింది ఉమారాణి కాదు, కరుణాకర్ సార్. కుర్చీ లాక్కుని తెర ముందుకు వచ్చేశాడు. "తిరుమల ఏ పాఠం తెరిచింది? మాత్రికలా? అది నేను బాగ చెప్పిన పాఠం!"

అప్పుడు గోరీ పేరు పక్కన చుక్క వెలిగింది. ఉమారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. మాట నిలబడింది అనుకుంది. ఇంతలో కింద గోరీ రాసిన వరస కనిపించింది.

'అక్కా, ఇప్పుడు తెరుచుకున్నది. కాని నేను రైల్ల ఉన్న. గార్ల దాటినం. యాడి నన్ను హైదరాబాద్ తీస్కపోతున్నది.'

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

గార్లలో ఎక్కిన రైలు మహబూబాబాద్ మీదుగానే పోవాలి. ఉమారాణి లేచింది. "ఎక్కడికి?" అని సార్ అడిగేసరికే సుమ బండి తాళాలు ఆమె చేతిలో ఉన్నాయి.

మార్కెట్ రోడ్డంతా మిరప బస్తాల ఆటోలు. వాటి మధ్య నుంచి బండిని ఎలా తీసిందో ఆమెకే తెలియదు. స్టేషన్ బయట బండి పడేసి, మెట్ల మీద జనాన్ని తోసుకుంటూ ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి ప్యాసింజర్ వచ్చి ఆగి ఉంది. ఒక్కో డబ్బా కిటికీలోంచి చూస్తూ "గోరీ! గోరీ!" అని అరుస్తూ పరుగెత్తింది.

"అక్కా!"

తలుపు దగ్గర కింద కూర్చుని ఉంది గోరీ, ఒళ్లో సంచి, చేతిలో తల్లి ఫోన్. పక్కన మోతీబాయి నిలబడి ఉంది. ఉమారాణిని చూసినా ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"అక్కా, దిగు. పిల్లను దింపు. క్లాసు తెరుచుకున్నది, అంత సరి చేసినం."

"పొద్దుమాపు ఫోన్ కొట్టినం బిడ్డా" అంది మోతీబాయి. గొంతులో కోపం లేదు. అందుకే ఉమారాణికి ఇంకా కష్టంగా తోచింది. "పిల్ల మిరపకాయలు ఏరుతుంటే నేనే ఒత్తిన. తెరుచుకుంటె పిల్సుదామని. మోగేది, మీరు కట్ చేసేటోళ్లు. మళ్ల ఒత్తితె మళ్ల కట్ చేసేటోళ్లు. మా అసొంటోళ్లు వద్దనుకున్నరు, సక్కగ చెప్పలేక గిట్ల చెప్తున్నరు అనుకున్న."

తప్పు ఫలానా వాళ్లదని చెప్పుకోవడానికి అక్కడ సమయమూ లేదు, అర్థమూ లేదు.

"వద్దనుకోలే అక్కా. మాకు తెల్వలే. నిజంగ తెల్వలే."

రైలు కూత వేసింది. డబ్బాలు ఒక్క కుదుపు కుదిపి కదిలాయి. గోరీ తల్లి ముఖం వైపు, ఉమారాణి ముఖం వైపు మార్చి మార్చి చూసింది.

పిల్ల చెయ్యి పట్టుకుని లాగితే దిగేదే. ఉమారాణి లాగలేదు. తలుపు పక్క కడ్డీ పట్టుకుని, నాలుగడుగులు రైలుతో పాటు పరుగెత్తి, తానే ఎక్కేసింది. టికెట్ లేదు, చేతిలో సంచి లేదు, బండి స్టేషన్ బయట ఎక్కడ ఉందో కూడా గుర్తు లేదు. రొప్పుతూ వెళ్లి గోరీ పక్కన కింద కూర్చుంది.

మోతీబాయి ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. మొదటిసారి ఆమె మూతి మూల కాస్త కదిలింది.

"పిస్సదానివా ఏంది బిడ్డా నువ్వు?"

"నువ్వేమన్న అనుకో అక్కా. నేనైతే దిగ."

మోతీబాయి కూడా కింద కూర్చుంది. కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తెర మీద వేలు తగిలి గోరీ తెరుచుకున్న పాఠం మూతపడి, మళ్లీ మొదటి పేజీ వచ్చింది. తెల్లటి తెర. నల్లటి అక్షరాలు.

"సరే. జనగామ దాకా నీకు గడువు" అంది. "వారం దినాలు ఒత్తింది ఈ చెయ్యే. ఇప్పుడు గూడ ఇదే ఒత్తుతది. తెరుచుకుంటె జనగామల ముగ్గురం దిగుదం, మా పిల్ల సదువుకుంటది. తెరుచుకోకుంటె నువ్వొక్కదానివే దిగు. మళ్ల మా తండాకు రాకు. గోరీ, నువ్వు నోరిప్పొద్దు. నువ్వు గూడ బిడ్డా."

"ఒత్తు అక్కా" అంది ఉమారాణి వెంటనే. ఆ తలుపు ఇప్పుడు ఎంత పైన, ఎంత స్పష్టంగా ఉందో ఆమెకు తెలుసు. తన చేతులతో పెట్టింది, మూడు ఫోన్లలో చూసుకుంది.

మోతీబాయి ఫోన్‌ను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. వేలు తెర మీద ఆ వరస నుంచి ఈ వరసకు, ఈ వరస నుంచి ఆ వరసకు మెల్లగా తిరిగింది. ఎక్కడా ఆగలేదు.

"ఎర్రది ఉండె గదా ఇంతకుముందు" అంది తనలో తాను. "అన్ని ఒక్క తీర్గనే ఉన్నయి."

ఉమారాణి ఎండలో కనిపించాలని రంగులన్నీ తీసేసింది. ఎర్ర డబ్బా కూడా పోయి, దాని చోట నల్లటి అక్షరాలు మాత్రమే మిగిలాయి. మోతీబాయికి చదవడం రాదు.